ఆషాఢంలో వచ్చే సెలవులు

ఏప్రిల్ ఆఖరి వారంలో పొద్దున్నే కొంటా బస్టాండుకు వస్తే ఒక చిత్రం చూడొచ్చు. బోర్డు మీద హిందీలో కొంటా అని ఉంటుంది, తెలుగు నోళ్ళలో అది కుంట. చింతూరు వైపు నుంచి వచ్చిన బస్సు దిగి, అమ్మమ్మగారింటికి పోయే పిల్లలు సంచులతో కేరింతలు కొడుతుంటారు. వాళ్ళ పక్కనుంచే, అదే ఈడు పిల్లలు, పుస్తకాలు మోసుకుంటూ వాళ్ళను కుళ్ళుగా చూసుకుంటూ బడికి పోతుంటారు. ఆంధ్రాలో 24వ తేదీ నుంచి సెలవులు. మా ఛత్తీస్‌గఢ్‌లో రివాజు మే 1. ఎండలు ముదిరితే ముందుకు జరుపుతారు, 2025లో ఏప్రిల్ 25నే ఇచ్చేశారు. రెండు బళ్ళ మధ్య గంట ప్రయాణం కూడా లేదు. శబరి అవతలి ఒడ్డు ఒడిశా, అక్కడ ఇంకో లెక్క.

ఆ బస్టాండులోనే టీ కొట్టు దగ్గర నాకు ఏటా ఒక మాట వినబడుతుంది. ఈ బ్లాకులో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కనక నన్నింకా గురూజీ అనే పిలుస్తారు. "మీకేంటి గురూజీ, సగం ఏడాది ఛుట్టీలు తిన్నారు. మీ మేనకోడలికైతే మరీనూ. ఇంటర్నేషనల్ స్కూలట కదా, మూడు నెలలు కూర్చోబెట్టి జీతమిస్తారట కదా!" అనేవాడు మంచివాడే. అతనికి ఈ మాట చెప్పినవాళ్ళూ చెడ్డవాళ్ళు కారు. పెళ్ళి సంబంధాల పుస్తకాల్లో ఇదే ఉంటుంది, విదేశీ ఉద్యోగాలిప్పించే ఏజెంట్ల కాగితాల్లో ఇదే ఉంటుంది, నాలుగు చదువుకున్న ఇళ్ళలో భోజనాల దగ్గర ఇదే నడుస్తుంది. విదేశాల్లో అంతర్జాతీయ బడి అంటే ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే, అక్కడ టీచరుకు వేళ్ళు చాలనన్ని సెలవులు, ఆ సెలవులన్నీ ఆమె సొత్తు. మన సర్కారు పంతులు ఆమెకు బీద చుట్టం. ఇదీ లోకాభిప్రాయం.

ఈ అభిప్రాయం అంచుల దగ్గర కొంచెం అటూ ఇటూ అయింది కాదు. మొదటి అడుగే తప్పు. సెలవును రోజుల్లో కొలవొచ్చుననుకోవడంలోనే తప్పుంది.

కొలిచే చూద్దాం. మన విద్యాహక్కు చట్టం, 2009 నాటిది, ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 పనిదినాలు ఉండాలంటుంది. ఇంగ్లండు ప్రభుత్వ బడుల టీచరు నిబంధనల ప్రకారం 195 రోజులు పనికి రావాలి. విదేశాల్లో బ్రిటిష్ సిలబస్ చెప్పే బడులు చాలావరకు ఆ అచ్చులోనే పోతాయి. ఇప్పుడు 365లోంచి 220 తీసెయ్యండి, 145. 195 తీసెయ్యండి, 170. ఇంగ్లండు టీచరుకు 25 రోజులు ఎక్కువ. చూశారా, అంటాడు టీ కొట్టాయన. ఆగండి. ఆమెకు వారానికి రెండు రోజులు బడి ఉండదు, ఏడాదికి 104. అవి తీసేస్తే మిగిలేది 66. మా పంతులికి ఆదివారాలే, 52. తీసేస్తే 93. ఇప్పుడు మావాడికే 27 రోజులు ఎక్కువ! ఒకే అంకెలు, ఒకే తీసివేత. శనివారాన్ని సెలవనుకుంటే ఒక జవాబు, ఊపిరి తీసుకునే రోజనుకుంటే దానికి తలకిందులు. మూడో తరగతి పిల్లాడు ఇలా లెక్క తెస్తే నేను పలక తుడిపించేవాణ్ణి. పెద్దవాళ్ళు ఇదే లెక్కతో అసూయలు పడతారు, ఊళ్ళు వదిలిపోతారు.

ఇంకో ముక్క. ఇంగ్లండు నిబంధనల్లో 195 రోజుల పక్కనే 1,265 గంటలని కూడా ఉంటుంది. ఏడాదిలో హెడ్మాస్టరు చెప్పిన చోట చెప్పిన పని చెయ్యాల్సిన గంటలవి. నోట్సు దిద్దడం, మర్నాటి పాఠం తయారు చేసుకోవడం వాటికి బయట. మన చట్టం వారానికి 45 గంటలంటుంది, తయారీతో కలిపి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన ఏజెంటును నేనింతవరకూ చూడలేదు.

మా మేనకోడలు గల్ఫులో సీబీఎస్‌ఈ బడిలో సైన్సు చెబుతుంది. టీ కొట్టాయన 'ఇంటర్నేషనల్' అనేది దాన్నే. అక్కడ ఒకే వీధిలో రకరకాల బళ్ళుంటాయి. బ్రిటిష్ బడికి ఏడాది ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో మొదలై జూలై మొదట్లో అయిపోతుంది. కాబట్టి ఆ టీచరు వేసవి సెలవుకు వెళ్ళేటప్పుడు పుస్తకం మూసేసి పోతుంది. మన సిలబస్ బడికి ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. కానీ ఎండ అందరికీ ఒకటే, బడి మూసేది జూలై, ఆగస్టుల్లోనే. అంటే మావాళ్ళు ఏడాది మొదలెట్టి మూడు నెలలు తిరక్కుండానే, పాఠాలు నడుమ వదిలేసి, తిరిగొచ్చాక పెట్టాల్సిన పరీక్షల పేపర్లు సంచీలో వేసుకుని విమానం ఎక్కుతారు. రోజులు చూస్తే ఇద్దరివీ దాదాపు ఒకటే. ఒకామెది పని ముగిసిన విశ్రాంతి, ఇంకొకామెది పని మధ్యలో విరామం.

ఆ పిల్ల ఒకసారి నన్ను ఫోనులో అడిగింది: "మామయ్యా, జూలైలో నేనొచ్చి ఏం చెయ్యాలో చెప్పు. మామిడికాయలు అయిపోయుంటాయి. పెళ్ళిళ్ళు అయిపోయుంటాయి. నాకు సెలవులొచ్చేదే ఆషాఢంలో."

నాకు జవాబు దొరకలేదు. వైశాఖంలో చెల్లెలి పెళ్ళి జరిగితే ఆమె వీడియోలో చూసింది. సంక్రాంతికి ఆంధ్రాలో బడులు 2025లో జనవరి 10 నుంచి 19 దాకా మూశారు. ఆమె ఆ పది రోజులూ ప్రాక్టికల్స్ చేయిస్తోంది. దసరాకు తెలంగాణలో బతుకమ్మతో కలిపి 13 రోజులిస్తారు. ఆమెకు దసరా గురువారమైతే గురువారమే, అది కూడా పనిదినమే. ముహూర్తాలు లేని నెలలో, గోదారి జిల్లాల్లో వరదొచ్చే నెలలో, విమానం టిక్కెట్టు ఏడాదంతటిలోకీ ఖరీదైన నెలలో ఆమెకు సెలవిచ్చి, దాన్ని మనం వరం అంటున్నాం. బిడ్డను చూడాలంటే తల్లి ఎదురుచూడాల్సిన నెల కొత్త కోడళ్ళు పుట్టింటికొచ్చే నెల కావడం ఒక్కటే దాంట్లో కాస్త పొసగిన విషయం.

ఇదే పిల్ల మెల్‌బోర్న్‌లో ఉండి ఉంటే కథ వేరు. అక్కడ వేసవి మనకు తిరగబడి ఉంటుంది. డిసెంబరు మూడోవారానికి మూసిన బడి జనవరి చివరికి గాని తెరవరు. సంక్రాంతి ముగ్గు దగ్గర కూర్చోవచ్చు. భూటాన్‌లో 1960ల నుంచీ మన దేశపు టీచర్లు పని చేశారు. అక్కడ చలికే బడి మూత, డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి దాకా. ఇథియోపియాలో హైలే సెలాసీ కాలంలో వందలాది మంది భారతీయులు బళ్ళలో పాఠాలు చెప్పారు. అక్కడ పెద్ద సెలవు వానలకు. కొత్త సంవత్సరం సెప్టెంబరులో వస్తుంది, ఏడాదికి 13 నెలలు! థాయిలాండ్ బళ్ళ పెద్ద సెలవు మార్చి నడిమి నుంచి మే నడిమి దాకా, అచ్చంగా మన పెళ్ళిళ్ళ కాలం. అదే బ్యాంకాక్‌లో అంతర్జాతీయ బడి అయితే మళ్ళీ జూలై, ఆగస్టే. జపాన్ ప్రభుత్వ బడిలో వేసవి సెలవు పిల్లలకే, టీచరుకు అవి పనిదినాలు. చైనాలో పెద్ద పండగలకు వరసగా వారం ఇచ్చి, ముందూ వెనకా వచ్చే శని, ఆదివారాల్లో ఆ బాకీ తీర్పించుకుంటారు. మన దగ్గర స్థానిక సెలవిచ్చి రెండో శనివారం బడి పెట్టే తెలివే అది, కొంచెం పెద్దయెత్తున.

ఇందులో ఏది మంచి సెలవు? నన్నడిగితే చెప్పలేను. టీచరు ఏ ఊరిదో, ఆమెకోసం ఎదురుచూసే వాళ్ళు ఏ పంచాంగం చూస్తారో చెబితేనే చెప్పగలను.

వారాంతాలు కూడా అంతే. సౌదీలో 2013 జూన్ దాకా వారపు సెలవు గురు, శుక్రవారాలు. తరవాత శుక్ర, శనివారాలైంది. ఎమిరేట్స్‌లో 2022 జనవరిలో శని, ఆదివారాలకు మార్చారు, శుక్రవారం ఒంటిపూట. ఆ మార్పు వార్తల్లో వ్యాపారం కోసమని చెప్పారు. కొంటాలోనో కొత్తగూడెంలోనో ఉన్న అమ్మకు తెలిసిన మార్పు వేరు: అన్నాళ్ళూ ఆదివారం ఇల్లంతా కూడినప్పుడు ఫోను చేస్తే "క్లాసులో ఉన్నానమ్మా" అని పెట్టేసే కూతురు, ఆ జనవరి నుంచి ఎత్తి మాట్లాడడం మొదలుపెట్టింది. సెలవు ఒక్క రోజూ పెరగలేదు. పెరిగిందేదో పెరిగింది.

మన భాషలో సెలవు అనే మాట చూడండి. అది మొదట అనుమతి. సెలవు ఇప్పించండి అంటాం, సెలవు తీసుకుంటాం, పెద్దవాళ్ళు మాట్లాడితే సెలవిచ్చారంటాం. ఇచ్చేవాడు ఒకడున్నాడని ఆ మాటలోనే ఉంది. ఈ విదేశీ సెలవుల లెక్కరాయుళ్ళు దాన్నే మరిచారు. ఖతార్‌లో 2018 దాకా విదేశీ ఉద్యోగి దేశం దాటాలంటే యజమాని సరేననాలి. సౌదీలో వెళ్ళి తిరిగి రావడానికి వీసా వేరుగా ఉండాలి. 2021 మార్చిలో వచ్చిన సంస్కరణ దాకా దాని తాళం యజమాని చేతిలోనే. బడి మూసేశారు, జీతం వేశారు, చేతినిండా రోజులున్నాయి. కాగితం రాలేదు. ఆ రోజుల్ని ఏ ఖాతాలో రాస్తారు?

ఈద్ సెలవులది ఇంకో తీరు. నెలవంక కనిపిస్తేనే పండగ, కనక సెలవు ఎప్పుడు మొదలయ్యేదీ ముందురోజు సాయంత్రం గాని ఖాయం కాదు. స్థానికులకు అందులో ఒక ఆనందం ఉంది, కాదనను. నాలుగు గంటల విమాన దూరంలో ఇల్లున్న మనిషికి, ముందురోజు రాత్రి తెలిసిన నాలుగు రోజుల సెలవు గదిలో పడుకోవడానికి పనికొస్తుంది.

ఇది చదివి నవ్వుకోనక్కర్లేదు, కొంటాలో మాకూ అంతే. మాకు నెలవంక బదులు శబరి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులెక్కిన వారం, శబరి వెనక్కి తన్ని కొంటా వీధుల్లోకి నీళ్ళొచ్చాయి, చింతూరు దారి మునిగింది. బడి లేదు. కాగితం మీద అవి కూడా బడి లేని రోజులే. ఆ రోజుల్లో మాస్టార్లు ఆశ్రమశాల పిల్లల బియ్యం బస్తాలు ఎత్తు మీదికి మోశారు.

ఇక జీతం. "కూర్చోబెట్టి జీతం" అన్నారు కదా. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బడి ఏడాది 180 రోజులు. జే-1 వీసా మీద మూడేళ్ళ ఒప్పందాలతో మన తెలుగు టీచర్లు వెళ్ళేది ఆ బడులకే. అక్కడ ఒప్పందం చాలాచోట్ల పది నెలలదే. పది నెలల జీతాన్ని పన్నెండు ముక్కలు చేసి ఇవ్వమంటే ఇస్తారు. అప్పుడు జూలైలో వచ్చేది సెలవు జీతం కాదు, అక్టోబరులో తనే దాచుకున్న సొమ్ము. పోనీ ఆ రెండు నెలలూ పని లేదు కదా, నిరుద్యోగ భృతి ఇవ్వండి అంటే, మళ్ళీ బడి తెరిచాక నీ ఉద్యోగం నీకుంది కనక కుదరదంటుంది అక్కడి చట్టం. ఉద్యోగి కాదు, నిరుద్యోగీ కాదు, రెండు నెలల పాటు త్రిశంకు స్వర్గం.

మన ఊళ్ళలోనూ ప్రైవేటు బడి టీచరుకు ఏప్రిల్ జీతంతో సరి. జూన్‌లో మళ్ళీ పిలిస్తే ఉద్యోగం ఉన్నట్టు. తెలంగాణలో విద్యా వాలంటీర్లు పనిచేసిందీ అదే షరతు మీద. ఇది ఎంత పచ్చి నిజమో కరోనా కాలం బయటపెట్టింది. బడులు మూసి ఉన్నన్నాళ్ళూ జీతాలు లేక టీచర్లు కూరగాయలమ్మారు, కూలికి పోయారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు బళ్ళ టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించాల్సొచ్చింది. ఏడాది పొడవునా సెలవులే ఆ మనుషులకు. ఎవరైనా అసూయపడ్డారా?

పక్కా ఉద్యోగం ఉన్న సర్కారు టీచరు సంగతికొస్తే, అతని వేసవి సెలవు ఉచితం కాదు. ఆంధ్ర, తెలంగాణల్లో మిగతా ఉద్యోగికి ఏడాదికి 30 ఆర్జిత సెలవులు (ఈఎల్‌లు), టీచరుకు 6. రిటైరయ్యే రోజున 300 రోజుల దాకా సొమ్ము చేసుకునే వీలున్న చోట, ఈ తేడా చిన్నది కాదు. అంటే వేసవిని అతను ముందే కొనుక్కున్నాడు. కొనుక్కున్న దాన్ని మళ్ళీ వెనక్కి లాక్కుంటారు. 2024లో ఆంధ్రా బడుల వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ రెండో వారం దాకా. పోలింగ్ మే 13న. ఆ ఎండలో ఈవీఎం పెట్టెలు పట్టుకుని పోయిందెవరు? విద్యాహక్కు చట్టమే జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప టీచరుకు వేరే పని చెప్పకూడదంటూ ఆ మూడింటికీ తలుపు తీసి పెట్టింది. తెలంగాణలో బడి తెరిచేది జూన్ 12న. బడిబాట పేరుతో ఇంటింటికీ తిరగడం జూన్ మొదటి వారంలోనే మొదలైపోతుంది.

కొంటా బ్లాకులో ఆశ్రమశాల అధీక్షక్‌గా, అంటే వార్డెనుగా పనిచేసిన టీచరును ఆదివారం గురించి అడిగి చూడండి. పిల్లలు అక్కడే తింటారు, అక్కడే పడుకుంటారు, జ్వరమొచ్చేది అర్ధరాత్రి. ఆయనకు ఆదివారం అంటే కోడిగుడ్డు వండే రోజు. సెలవుల పట్టికలో దసరాకు, దీపావళికి, డిసెంబరు చలికి తలా ఆరేసి రోజులు, వేసవికి నెలన్నర అని రాయపూర్ నుంచి కాగితం వస్తుంది. జగదల్‌పూర్‌లో బస్తర్ దసరా 75 రోజులు జరుగుతుంది, మాకు ఆరు! హరేలీకి సెలవుంది, మంచిదే, ఆ పండగ మైదాన ప్రాంతపు రైతుది. ఇక్కడి దొర్ల ఆదివాసుల విత్తనాల పండగ ఏ ఊరికా ఊరు పెద్దలు అనుకున్న రోజున చేసుకుంటుంది, దానికి పట్టికలో చోటు లేదు. కొంటా తెలుగింటికి సంక్రాంతి ఉంది, ఆ ఇంటి టీచరుకు వారం సెలవు లేదు. పాస్‌పోర్టు లేకుండానే మేం పరాయి పంచాంగంలో ఉద్యోగాలు చేశాం కనక, ఆ గల్ఫు పిల్ల గోడు నాకు తొందరగా అర్థమైందేమో.

జనవరి దాటితే మిరపకోతలు. ఈ బ్లాకు నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఖమ్మం వైపు పోతాయి, పిల్లలతో సహా. బడి తెరిచే ఉంటుంది, బల్లలు ఖాళీ. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, ఆ వెనకే తునికాకు. పిల్లలు తెల్లారకముందే అడవిలో ఉంటారు. పిల్లలు లేని రోజుల్లో టీచరు ఉంటాడు, పిల్లలు ఊళ్ళో ఉండే వానాకాలంలో దారి ఉండదు. సెలవులు ఎన్ని అని కాదు, ఎవరి కాలాన్ని చూసి పెట్టారని అడగాల్సిన చోటు ఇది. అమెరికా వేసవి సెలవులు పొలం పనుల కోసం పుట్టాయని చాలామంది నమ్ముతారు. అక్కడి చరిత్రకారులు ఒప్పుకోరు. పల్లె బళ్ళు ఒకప్పుడు విత్తనాలప్పుడు, కోతలప్పుడు మూసి, వేసవిలోనూ చలికాలంలోనూ నడిచేవట. పట్నపు ఎండ, పట్నంలో కలిగినవాళ్ళ ప్రయాణాలు కలిసి వేసవిని సెలవు చేశాయి. పట్టిక రాసేవాడు ఎక్కడ కూర్చుంటాడో సెలవు అక్కడ పుడుతుంది, అప్పుడూ ఇప్పుడూ.

రోజులు లెక్కపెట్టేవాళ్ళకు ఒక ఊరి పేరు చెబుతాను. జగర్‌గుండ. మా కొంటా బ్లాకులోదే. మావోయిస్టుల మీదికి సల్వాజుడుం లేచిన రోజుల్లో మూతబడిన అక్కడి బడి 2019 జూన్‌లో మళ్ళీ తెరిచారు, 13 ఏళ్ళ తరవాత. మీ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏ అంతర్జాతీయ బడీ ఇవ్వని సెలవది. ఆరేళ్ళ పిల్ల ఆ సెలవు ముగిసేసరికి పెళ్ళి ఈడుకొచ్చింది. ఇప్పుడు అలా తెరుచుకున్న బళ్ళలో పాఠం చెప్పేవాళ్ళలో శిక్షాదూత్‌లని ఊరి కుర్రాళ్ళే ఉన్నారు, గౌరవ వేతనం మీద. వాళ్ళలో కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. వాళ్ళ సెలవుల సంగతి ఎత్తాలంటే నాకు నోరు రాదు.

ఇంతా చెప్పాక టీ కొట్టాయన అసలు బాణం తీస్తాడని నాకు తెలుసు. "అయినా గురూజీ, రైతుకు ఏం సెలవుంది? నాకేం సెలవుంది? మీకు కనీసం ఇన్ని రోజులైనా ఉన్నాయిగా." దీన్ని తోసిపుచ్చను. పక్కా ఉద్యోగం, నెలనెలా జీతం ఉన్న టీచరు ఈ దేశంలో అదృష్టవంతుల వరసలోనే ఉన్నాడు. నేనూ ఉన్నాను. వేసవిలో నెలన్నర నా ఇంటి అరుగు మీద కూర్చున్న ఏళ్ళున్నాయి, ఆ సుఖాన్ని దాచను. కొందరు ఆ నెలన్నర చాలక బడి ఉన్న రోజుల్లో కూడా సెలవు చీటీ జేబులో పెట్టుకుని తిరిగారు, వాళ్ళనూ దాచను. ఒంటరి టీచరు బళ్ళలో అది పిల్లల నోటి దగ్గర కూడు తీసినట్టే. కాని ఆయన వాదన గమనించండి. నాకు లేదు కనక నీకెందుకు అంటున్నాడు. టీ కొట్టుకు వారానికి ఒక రోజు మూత ఉండాలని మాత్రం అడగడు. సెలవుల అంకెలు పట్టుకుని వాదించేవాళ్ళు చివరికి ఎప్పుడూ తగ్గించే వైపే తేలతారు.

రెండో బాణం ఏజెంటుది. ఇష్టపడి సంతకం పెట్టారు, పోయారు, ఇప్పుడు ఏడుపెందుకు? ఇష్టపడే పోయారు. దేన్ని చూసి ఇష్టపడ్డారన్నదే నా గొడవ. ఏజెంటు చూపించేది ఒకే అంకె. సెలవు ఏ నెలలో, దసరాకో సంక్రాంతికో ఒక్క రోజైనా దొరుకుతుందా, టిక్కెట్టు బడి ఇస్తుందా, ఏటానా రెండేళ్ళకోసారా, పిల్లలకంటే ఎన్ని రోజులు ముందు తిరిగి రావాలి, పదో తరగతి వాళ్ళకు సెలవుల్లో ప్రత్యేక క్లాసులు ఎవరు తీసుకుంటారు, ఇవేవీ కాగితం ముందు పేజీలో ఉండవు. అడిగితే "అవన్నీ వెళ్ళాక చూసుకోవచ్చు" అంటాడు. కట్నం సంగతి పెళ్ళయ్యాక చూసుకుందామన్న వియ్యంకుడిని ఎవరైనా చూశారా?

మొన్న ఫిబ్రవరిలో నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. లెక్కల్లో గట్టివాడు. జగదల్‌పూర్‌లో బీఎడ్ చేశాడు, గల్ఫులో ఒక బడి నుంచి పిలుపొచ్చింది. ఒప్పందం కాగితాలు నా చేతిలో పెట్టి, "చూడండి గురూజీ, ఏడాదికి 12 వారాలు సెలవు!" అన్నాడు. నిజమే, మొదటి పేజీలో లావుపాటి అక్షరాల్లో ఉంది. చలికి మూడు వారాలు, వసంతానికి రెండు, వేసవికి ఏడు, మొత్తం 12. వేసవి సెలవు జూలై మొదటి తేదీ నుంచి. ఐదో పేజీ దాకా తిప్పాను. ఉద్యోగ కాలం ఆగస్టు చివరి వారం నుంచి మరుసటేడు జూన్ 30 వరకు, ఆపైన ఉభయులకూ సమ్మతమైతే కొత్త ఒప్పందం.

చెవి మీది పెన్సిల్ తీసి ఆ తేదీ కింద గీత గీసి కాగితాలు తిరిగిచ్చాను. లెక్కల్లో గట్టివాడని చెప్పాను కదా. కాసేపు చూసి, వేళ్ళ మీద వారాలు మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.